గోడ మీద చివర రాసుకున్న పేరు

మా అయివారు పోయారు. పోయిన మంగళవారం పొద్దున ఎదురింటి వాకిలి ఊడ్వకుండా, నీళ్లు చల్లకుండా అట్లాగే ఉంటే నేనే వెళ్లి చూశాను. ఆయన భార్య అయివారమ్మ గడప దగ్గర చీపురు పట్టుకుని నిలబడి ఉంది. "ఆయప్ప లేయలేదమ్మే," అంది. "కాఫీ పెట్టి పిలిస్తి. పలకలేదు." నేను లోపలికి వెళ్లి ఆయన చెయ్యి పట్టుకుని చూసి, బయటికొచ్చి ఆమె చేతిలోని చీపురు తీసుకున్నాను.

మా వైపు బడిపంతులును అయివారు అంటారు. ధర్మవరంలో మా నేతపని వీధిలో సగం మందికి అక్షరాలు దిద్దించింది ఆయనే. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు దేవుడిలాంటి మనిషి అని మొదలుపెట్టడం రివాజు. మా అయివారికి అట్లాంటి మాటలు గిట్టవు. ఎవరైనా కాళ్లకు మొక్కబోతే "నడుం పట్టుకుంటాది, లెయ్యప్పా" అని కసిరేవారు. ముక్కోపి. లెక్క తప్పితే చెవి మెలిపెట్టేవారు, ఒప్పయితే ఏమీ అనేవారు కాదు. ఆయన నోట మెచ్చుకోలు వినాలంటే మా ఊళ్లో వానకు చూసినట్టు మొగులు వైపు చూస్తూ ఉండాల్సిందే.

రిటైరైనా చొక్కా జేబులో సుద్దముక్క ఉండేది. జేబు ఎన్ని ఉతుకులకూ తెలుపు వదలక, అయివారమ్మ రోజూ దాన్ని తిడుతూనే ఉతికేది. సాయంత్రం అరుగు మీద కూర్చుని, చేటలో బొరుగులూ, మేం బుడ్డలనే వేయించిన వేరుశనక్కాయలూ పోసుకుని, దారినపోయే ప్రతివాడినీ ఆపి ప్రశ్నలడిగేవారు. జవాబు చెప్పినవాడికి గుప్పెడు బొరుగులు. చెప్పలేనివాడికీ గుప్పెడు బొరుగులే, కాకపోతే తిట్టి పెట్టేవారు.

ఆయన ఇంటి ముందు గోడకు మనిషెత్తు నల్లరంగు పూయించుకున్నారు. రోజూ పొద్దున దాని మీద రాసేవారు. కొళాయి నీళ్లు ఏ పూట వస్తాయి, కరెంటు ఎప్పుడు పోతుంది, పట్టు ధర పెరిగిందా తగ్గిందా, ఎవరింట్లో చావు. మా వీధికి అదే పేపరు. ఎలక్షన్లు వచ్చాయంటే మాత్రం గోడంతా అభ్యర్థులకే. ఎవరు ఏం చేస్తామన్నారో ఆయన రాసేవారు కాదు. ఎవరేం చేశారో రాసేవారు. మురుగుకాలువ ఎవరు తవ్వించారు, సగంలో ఎవరు వదిలేశారు, వీధి దీపం అడగబోతే ఎవరు విసుక్కున్నారు. "నోటితో అందరూ మొనగాళ్లేనప్పా. చేసింది చెప్పు, రాస్తా," అనేవారు. తప్పు రాశారని ఎవరైనా గొడవకొస్తే కూర్చోబెట్టి, విని, నిజమని తేలితే తుడిచి సరిగా రాసేవారు. అందువల్ల ఆయన్ను తిట్టుకునేవాళ్లు కూడా గోడ చదవకుండా పోయేవాళ్లు కాదు.

ఆ గోడ మీద ఒక ఎలక్షన్‌లో ఆయన రాసిన నాలుగు వరుసల గురించి చెప్పాలి. అవి చెప్పకుండా ఆయన మంచి చెడ్డలు ఎన్ని రాసినా దండగే. వాటిలో నా బతుకు ఉంది కాబట్టి ముందు దాని సంగతి చెబుతాను.

నేనూ మా వీధి పార్వతీ ఒకే ఈడు ఆడపిల్లలం, ఆయన దగ్గరే చదువుకున్నాం. చదువు ఆగాక మా ఇంటి మగ్గం మీద ఇద్దరం కలిసి ఏండ్ల తరబడి నేశాం. పెద్ద అంచు పట్టుచీరకు ఒక మనిషి చాలదు. ఒకరు మగ్గం గుంతలో కాళ్లు పెట్టి తొక్కుతూ నేస్తుంటే, ఇంకొకరు పక్కన పీట మీద కూర్చుని అంచుకు పోగు చుట్టిన నాడె విసరాలి. ఒకరి చెయ్యి ఇంకొకరి చేతికి తెలియాలి, లేకపోతే అంచు వంకర పోతుంది. ఆ పీట పార్వతిది. పొద్దున వచ్చేది, దీపాలు పెట్టే వేళకు వెళ్లేది. తర్వాత తర్వాత వెళ్లడం మానేసింది. జోడు బాగా కుదిరింది, చీరలు తొందరగా దిగుతున్నాయి అని అందరూ సంతోషపడ్డారు. ఆమెకు సంబంధాలు రావడం మొదలైనప్పుడు మేం నోరు విప్పక తప్పలేదు. మేం ఒకరికొకరమని, పెండ్లి వద్దని, ఇట్లాగే కలిసి బతుకుతామని ఆమె వాళ్ల అన్నతో చెప్పింది. నేను మా నాయనతో చెప్పాను. మా నాయన కొన్నాళ్లు నాతో మాట్లాడలేదు. తర్వాత ఒకరోజు కంచం ముందు కూర్చుని "ఇద్దరూ తిన్నారా?" అన్నాడు. నేత పనివాడు, అంతకంటే ఎక్కువ మాటలు ఆయన దగ్గర లేవు. నాకు అవి చాలు.

వాళ్ల అన్నకు చాలలేదు. పార్వతిని కొట్టాడు. మేమిద్దరం పారిపోయి, మా వార్డులో పొదుపు సంఘం నడిపే అక్క ఇంటికి వెళ్లాం. ఆమె తలుపు తీసి, మా ముఖాలు చూసి ఏమీ అడగకుండా సంగటి వడ్డించింది. పొద్దున లేచేసరికి వాళ్ల అన్న వచ్చి వాకిట్లో నిలబడి ఉన్నాడు. అదే చేత్తో ఆ అక్కే తలుపు తీసింది. "నాకూ ఆడపిల్లలుండారు తల్లీ," అని నా వైపు చూడకుండా లోపలికి పోయింది.

బడి వరండాలో పంచాయితీ పెట్టారు. మా వార్డు కౌన్సిలరు నడుమ కుర్చీలో కూర్చున్నాడు. ఊరికే నిలబడి ఉండడానికని ఒక పోలీసును కూడా పిలిపించాడు. "మన వీధి పరువు ఏం కావాలప్పా? ఈ నెల దాటకుండా పిల్లకు పెండ్లి చెయ్యండి. అన్నీ సర్దుకుంటాయి," అన్నాడు. ఆయన పక్కన మా వీధి లాయరు ఉన్నాడు. అంతకు ముందే ఏదో కాలేజీ సభలో ఆయన మైకు పట్టుకుని, వయసొచ్చిన ఇద్దరు, ఆడవాళ్లిద్దరైనా సరే, ఇష్టపడితే ఎవరూ అడ్డం రాకూడదని, అది నేరం కాదని ఢిల్లీలో పెద్ద కోర్టే చెప్పిందని మాట్లాడాడు. నేను ఆ సభలో వెనక నిలబడి విన్నాను. ఇంటికొచ్చి పార్వతికి చెప్పాను కూడా. ఆ ధైర్యంతో ఆయన దగ్గరికి వెళ్లి "అన్నా, ఆ పొద్దు చెప్పినారే, ఆ మాట ఈడ ఒక్కసారి చెప్పన్నా," అన్నాను. "చట్టం చట్టమేమ్మా. వీధి వీధే," అని ఫోను చెవికి పెట్టుకుని మెట్లు దిగి పోయాడు.

చివరికి ఎవరో "అయివారూ, ఇద్దరికీ మీరే చదువు చెప్పినారు. మీరేమంటారు?" అని అడిగారు. పెద్దమనిషిగా ఆయనకూ ఒక కుర్చీ వేశారు మరి. పార్వతి అప్పటిదాకా తల వంచుకుని ఉన్నది, ఆ మాటకు తల ఎత్తి ఆయన్నే చూసింది. అయివారు సుద్దముక్కను వేళ్ల మధ్య తిప్పుకుంటూ, "పెద్దోళ్లు మీరుండారు గదప్పా," అన్నారు. అంతే. తెల్లారి గోడ మీద కొళాయి నీళ్ల సంగతి రాశారు.

పార్వతిని కుందుర్పి దగ్గర ఒక ఇంటికి ఇచ్చారు. నేను పెద్ద అంచు చీరలు మానేసి, ఒక్క మనిషి నేసుకునే చిన్న అంచు చీరలకు దిగాను. అయివారు మా ఇంటి వైపు రావడం మానేశారు. వాకిట్లో ఎదురుపడితే గోడ వైపు తిరిగి, ఎప్పుడో రాసిన అక్షరాలను మళ్లీ దిద్దుకుంటూ నిలబడేవారు. ఆయన మీద నాకు పట్టలేని కోపం ఉండేది. కౌన్సిలరు మీద కూడా అంత లేదు. వాడి నుంచి నేను ఏమీ ఆశపడలేదు కాబట్టి కావచ్చు.

తర్వాత మున్సిపల్ ఎలక్షన్లు వచ్చాయి. మా వార్డులో నిలబడిన ముగ్గురూ ఎవరంటే, ఆ కౌన్సిలరు, ఆ లాయరు, ఆ సంఘం అక్క. జెండాలు మూడు రంగులు, మనుషులు మాత్రం ఆ పొద్దు మేం చూసిన ముగ్గురే.

మా ఊళ్లో ఓట్లకొచ్చినవాడు మగ్గంలో కూర్చుని ఫోటో దిగకుండా పోడు. ఇస్త్రీ అంగడికి పోతే ఇస్త్రీ పెట్టె పడతాడు, హోటలుకు పోతే దోసె తిప్పుతాడు, నేత వీధికొస్తే నాడె విసురుతాడు. దోసె మాడితే ఇంకొకటి పోసుకోవచ్చు. మా పోగులు తెగితే కూర్చుని ఒక్కొక్కటీ అతుక్కోవాల్సింది మేమే. కాదంటే ఓటు వేయనంటున్నామని అనుకుంటారు. అందుకని ఎలక్షన్ల నెలలో మా వీధి ఆడవాళ్లు డప్పు శబ్దం వినగానే మగ్గం మీద పాతగుడ్డ కప్పి, ఇంట్లో ఎవరికో జ్వరమని చెబుతారు. ఒకరోజు నేను కప్పేలోపలే కౌన్సిలరు వచ్చేశాడు.

ఆయన పొట్టకు గుంత ఇరుకైంది. వెంట వచ్చినవాళ్లు అటూ ఇటూ చూసి పార్వతి పీట చూపించారు. దాని మీద కూర్చున్నాడు. మగ్గం మీద నిలువునా సాగిన పడుగు పోగులు పైకీ కిందికీ విడిపోయాక కదా నాడె దూరాలి. నేను ఇంకా తొక్కనే లేదు, ఆయన నవ్వుతూ ఫోటోగ్రాఫరు వైపు చూస్తూ విసిరేశాడు. పోగులు పటపట తెగాయి. "ఇంకోసారి సార్, కన్ను మూసినారు," అన్నాడు ఫోటోగ్రాఫరు. కండ్లలో నీళ్లు తిరిగాయి, అవి పోగుల కోసం కాదు.

అయివారు మా గడపలో నిలబడి ఉన్నారు. ఎప్పుడొచ్చారో చూడలేదు.

"ఆ పీట ఎవరిదో తెలుసునాప్పా నీకు?" అన్నారు.

"ఎవరిదైతే ఏముందిలే అయివారూ. ఈ పొద్దుకు నాది," అన్నాడు కౌన్సిలరు. అందరూ నవ్వారు.

"దాని మీద కూర్చునే పాప యాడుండాది?"

ఆయనకు నిజంగానే గుర్తు రాలేదు. పక్కనున్నవాడు చెవిలో చెప్పాడు. అప్పుడు ముఖం వెలిగింది. "ఓ, ఆ పాపా! కుందుర్పి కాడ మంచి సంబంధం చేసినాము గదా. నేను అడ్డం పడబట్టి సరిపోయె, లేకుంటే ఈ వీధి పరువు ఏమయ్యుండు? కాలువలూ దీపాలూ రాస్తావు గానీ, ఇది రాయవే అయివారూ నీ గోడ మీద? ఇది గూడా నేను చేసిందే."

"నిజమేనప్పా. నువ్వు చేసిందే. రాస్తా," అన్నారు అయివారు.

ఆ సాయంత్రం నేను తెగిన పోగులు అతుక్కుంటుంటే ఆయన మళ్లీ వచ్చారు. పంచాయితీ తర్వాత మా ఇంట్లో కూర్చోవడం అదే మొదలు. గడప మీదే కూర్చున్నారు. లోపలికి రమ్మని నేను అనలేదు.

"నీ పేరు రాయను. ఆ పాప పేరు గూడా రాయను. అయినా అందరికీ తెలుస్తాది," అన్నారు. "సావుకారు నీకు పట్టు ఇయ్యకపోవచ్చు. రాత్రికి ఆలోచన చేసుకో. వద్దంటే వద్దు."

"ఇప్పుడెందుకు అయివారూ?" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. "అప్పుడు ఒక్క మాట అనడానికి మీకు నోరు రాకపాయ. ఇప్పుడు గోడ మీద రాస్తే పార్వతి వస్తాదా?"

"రాదు," అన్నారు.

సర్దిచెప్పి ఉంటే వెళ్లగొట్టేదాన్ని. ఆ ఒక్క మాటా అబద్ధం కాదు కాబట్టి, "రాయండి," అన్నాను. "అందరికీ తెలిసిందే గదా. నోరు విప్పి అనేవాళ్లే లేరు."

రాసేముందు ఆయన మిగతా ఇద్దరి దగ్గరికీ వెళ్లారు. ఎవరి గురించి రాసినా వాళ్లను ఒకసారి అడగడం ఆయన అలవాటు. లాయరు, కాలేజీ సభలో మాట్లాడింది రాయమన్నాడట. "చెప్పింది రాయనప్పా, నీకు తెలుసు గదా," అంటే, అయితే నా ఊసే ఎత్తవద్దు అని బతిమాలాడట. సంఘం అక్క దగ్గర జరిగిందానికి నేనే సాక్షిని. ఆమె కొళాయి దగ్గర అయివారి చెయ్యి పట్టుకున్నంత పని చేసింది. "తలుపు తీసి పంపించినానని రాసుకో అయివారూ, నేనేమీ అనుకోను. అన్నం పెట్టినానని మాత్రం రాయొద్దు. అట్లాంటోళ్లకు ఇంట్లో చోటిచ్చిందంట అని తెలిస్తే నాకు ఒక్క ఓటు పడదు," అంది. చేసిన తప్పు ఒప్పుకుంటానని, చేసిన మంచి దాచిపెట్టమని అడిగే అభ్యర్థిని ఆయన అప్పటిదాకా చూసి ఉండరు. బిందె నిండి పొర్లిపోతున్నా ఆమె చూసుకోలేదు.

పొద్దున గోడ మీద కాలువలూ దీపాలూ అయిపోయాక కింద ఇట్లా ఉంది. "ఇద్దరు ఆడపిల్లలు కలిసి బతుకుతామంటే ఎవరేం చేసినారు." దాని కింద ముగ్గురి పేర్లు. కౌన్సిలరు, పోలీసును పిలిపించి విడదీయించినాడు, బలవంతాన పెండ్లి చేయించినాడు. లాయరు, చట్టం తెలిసినవాడు, అడిగితే లేచిపోయినాడు. సంఘం లీడరు, ఒక పూట అన్నం పెట్టి చోటిచ్చింది, మరుసటి పొద్దున అప్పగించింది.

వీధి వీధంతా వచ్చి చదివింది. చిన్నప్పుడు ఆయన దగ్గర చదువు రాదని దెబ్బలు తిన్నవాళ్లు కూడా కూడబలుక్కుని చదివారు. మధ్యాహ్నానికి గోడ మీద పేడ కొట్టి ఉంది. అయివారమ్మ గుండెలు బాదుకుంది. "ఈ వయసులో మనకెందుకు ఈ గలీజు? వాళ్లు ఆడోళ్లో మగోళ్లో, యాడైనా చావనీ!" అంటూనే బిందెతో నీళ్లు తెచ్చి గోడ కడిగింది. ఆయన తడి ఆరేదాకా అరుగు మీద కూర్చుని, మళ్లీ రాశారు.

ఈసారి మూడు వరుసలు కాదు, నాలుగు. చివరి వరుసలో తన పేరే పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాసుకున్నారు. "పెద్దమనిషిగా కుర్చీ వేస్తే కూర్చున్నాడు. అడిగితే నోరు తెరవలేదు. ఈయన ఓట్లకు నిలబడలేదు, అయినా లెక్కలో ఉండాల."

నేను మా గడపలో నిలబడి చదివాను. చదివి లోపలికొచ్చి గుంతలో కూర్చుని చాలాసేపు ఏడ్చాను. మాకు అన్యాయం జరిగిందని అప్పటిదాకా ఎవరూ అనలేదు. మా నాయన కూడా అది మా తలరాత అనే అన్నాడు. ఆ గోడ మీద మాత్రం అది తలరాత కాదు, నలుగురు మనుషులు చేసిన పని. ఒక్కొక్కరి పేరు పక్కన ఒక్కొక్క పని. ఇంత వయసొచ్చినా నాకు అంతకు మించిన ఓదార్పు ఎవరూ ఇవ్వలేదు.

కథల్లో అయితే ఇక్కడ వీధి మారుతుంది. మా వీధి మారలేదు. లాయరు మనుషులు అయివారికి మతి తప్పిందని ప్రచారం చేశారు. సంఘం అక్కకు అన్నం పెట్టిందన్న మాటే ఉరి అయింది. తోటి సంఘం ఆడవాళ్లే ఆమె వాకిట్లోకి రావడం మానేశారు. కౌన్సిలరు మాత్రం గోడ ముందు నిలబడి ఫోటో దిగి, చూడండి మన సంప్రదాయం కాపాడిన మొనగాడెవరో అయివారే రాసినారు అని అందరి ఫోన్లకూ పంపించుకున్నాడు. అతనే గెలిచాడు. పట్టు ఇచ్చే సావుకారు నాకు పడుగు ఇవ్వడం ఆపేశాడు. చాన్నాళ్లు నేను ఇతరుల ఇండ్లలో కండెలకు పోగు చుట్టి బతికాను.

అయివారు ఓడిపోయినవాడి మాదిరి కనిపించలేదు, గెలిచినవాడి మాదిరీ లేరు. ఎలక్షన్లు అయ్యాక ఎప్పటి మాదిరే గోడ మొత్తం తుడిచి నీళ్ల వేళలు రాశారు. "మీరెవరికేసినారు?" అని అడిగాను.

"ఒక పూట అన్నం పెట్టిన చెయ్యికి వేసినా. ముగ్గుర్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఈడ మనకు దొరికింది ఆ ఒక్క పూటే," అన్నారు. తర్వాత బొరుగుల చేట నా వైపు జరిపారు. నేను తీసుకున్నాను.

రెండేండ్ల కిందట ఆయనకు కుడిచెయ్యి పడిపోయింది. అప్పటి నుంచి గోడ మీద రాసింది నేను. ఆయన కుర్చీలో కూర్చుని చెప్పేవారు. "ఆ 'క్ష' ఏంది, పురుగు పాకినట్టుండాది. నీకు చెవి మెలిపెట్టింది చాల్లేదు," అనేవారు. ఎడమచేత్తో సుద్దముక్క అందించేవారు. పని అయ్యాక అయివారమ్మ నాకు కాఫీ ఇచ్చేది. యాడైనా చావనీ అన్న నోటితోనే "ఆ పాప సంగతి ఏమైనా తెలిసిందా?" అని అడిగేది. నాకు తెలిసింది తక్కువ. ఇద్దరు పిల్లలని, బుడ్డల చేనుకు కూలికి పోతుందని, ఆమె చేతికి ఫోను ఇవ్వరని.

ఆయన నన్ను క్షమించమని ఎప్పుడూ అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేదాన్నో తెలియదు. ఒక్కసారి మాత్రం, పోయిన ఎండాకాలంలో, కరెంటు లేక ఇద్దరం అరుగు మీద కూర్చుని ఉన్నప్పుడు, "ఆ పొద్దు నేను ఒక మాట అనుంటే ఆగుండునా?" అన్నారు.

"ఆగుండదు అయివారూ," అన్నాను. నిజం అదే.

"ఆగుండదులే," అన్నారు. గోడ వైపు తిరిగి, "అయినా ఆ పాప నన్నే చూస్తాండె," అన్నారు.

ఆయన మీద కోపం నాకు పూర్తిగా పోయిందని చెప్పలేను. మా ఊరి పెద్దమనుషుల్లో చేసిన తప్పును పేరుతో సహా వీధిలో రాసుకున్నవాడు ఇంకొకడు లేడని మాత్రం చెప్పగలను. మంచివాడని మెచ్చుకుంటే ఒప్పుకోడు కాబట్టి, ఆయన చేసినవి రెండూ రాశాను. ఆ పొద్దు మా చెయ్యి వదిలేశారు. తర్వాత ఎవరు వదిలేశారో దాచకుండా చెప్పారు.

మంగళవారం మధ్యాహ్నానికి వాకిట్లో షామియానా వేశారు. కౌన్సిలరు అందరికంటే పెద్ద దండ తెచ్చి వేశాడు. "నాకు గూడా గురువే," అని అక్కడున్నవాళ్లతో చెప్పి, కుర్చీలో కూర్చుని ఫోను చూసుకున్నాడు. లాయరు వచ్చి పోయాడు. సంఘం అక్క వచ్చి, అయివారమ్మ పక్కన నేల మీద కూర్చుంది.

పాడె కడుతుండగా వీధి చివర ఆటో ఆగింది. పార్వతి దిగింది. వెనకే, పోయి పిలుచుకొచ్చిన వాళ్ల అన్న. చదువు చెప్పిన అయివారు పోతే చూపుకు పంపకుంటే నలుగురూ నాలుగు మాటలంటారు. చావుకైతే ఎవరైనా పంపిస్తారు. ఆమె చిక్కిపోయింది, ముందు వైపు వెంట్రుకలు నెరిశాయి. నేను అయివారమ్మ పక్క నుంచి లేచాను.

మా వైపు చావింటికి ఆడమనిషి వస్తే, ఇంట్లోని ఆడవాళ్లు ఎదురుపోయి, మెడ చుట్టూ చేతులు వేసి పట్టుకుని ఏడ్వాలి. అది మర్యాద. ఎదురుపోకుంటే తప్పు, ఏడుపు తీరకముందే వదిలితే ఇంకా తప్పు. నేను ఎదురుపోయాను. వీధి నడుమ ఆమె నా మెడ చుట్టూ చేతులు వేసింది. నేను ఆమెను పట్టుకున్నాను. "అయివారూ," అని ఆమె గొంతెత్తి ఏడ్చింది. "అయివారూ," అని నేనూ ఏడ్చాను. ఆయన కోసమే ఏడ్చాం. ఆయన కోసం మాత్రమే కాదు. ఆమె గుండె నా గుండె మీద కొట్టుకోవడం నాకు తెలుస్తూ ఉంది.

"చాలు, రా పార్వతీ," అన్నాడు వాళ్ల అన్న.

"నువ్వు గమ్మునుండప్పా," అని అరుగు మీది ముసలామె ఒకతె కసిరింది. "చదువు చెప్పినాయప్ప. కడుపు తీరా ఏడ్వనీ బిడ్డల్ని."

కౌన్సిలరు తలెత్తి మా వైపు చూశాడు. చావింటి ముందు ఏమంటాడు? తల దించుకున్నాడు.

అంతలో పాడె లేచింది. డప్పులు మొదలయ్యాయి. మా వైపు ఆడవాళ్లు శ్మశానానికి పోరు, మగవాళ్లు ఇంటి దగ్గర ఉండిపోరు. కౌన్సిలరు లేచి పాడె వెనక నడిచాడు. పార్వతి వాళ్ల అన్న రెండడుగులు వేసి వెనక్కి చూసి, ఎవరో భుజం తడితే పాడె కొమ్ము అందుకుని వెళ్లాడు. మా నాయన నిప్పుకుండ వెనకే పోయాడు. వీధిలో ఆడవాళ్లు మాత్రమే మిగిలారు. డప్పుల శబ్దం రైలు కట్ట దాటి, సన్నబడి, ఆగిపోయింది. మేమిద్దరం ఇంకా వదల్లేదు.